నక్షత్రాల మాట వినని టెలిస్కోపు

"ఆకాశంలో తిరిగే టెలిస్కోపుకు తానెటు చూస్తోందో ఎలా తెలుస్తుంది? కిందనుంచి ఎవరైనా తిప్పుతుంటారా?" అని గోదావరిఖని పాఠకుడొకరు అడిగారు.

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది: లేదు. మన అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్‌నే చూడండి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరింది. 650 కిలోమీటర్ల ఎత్తున 98 నిమిషాలకో చుట్టు. బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి కనిపించినప్పుడల్లా మహా అయితే పావుగంట. ఆదేశాలు పైకి పోవాలన్నా, సమాచారం కిందికి రావాలన్నా ఆ కాస్త వ్యవధిలోనే. మిగతా సమయమంతా దాని బతుకు అది బతకాల్సిందే.

అసలు రుచి మొదటి ప్రశ్నలో ఉంది. ఎంత వేగంతో తిరుగుతున్నదీ గైరోలనే పరికరాలు చెబుతాయి. ఆ వేగాలను క్షణక్షణం కూడుకుంటూ పోతే ఎటు తిరిగిందో తేలుతుంది. చిక్కేమిటంటే, గైరో లెక్కలో రవ్వంత తప్పు ఎప్పుడూ ఉంటుంది, కూడేకొద్దీ అదీ పెరుగుతుంది. సింగరేణి సర్వేయర్లకు ఇది కొత్త కాదు. ఇంక్లైన్ మొగదల తెలిసిన దిక్కును పట్టుకుని, స్టేషను తర్వాత స్టేషను కోణాలు కొలుస్తూ లోపలికి పోతే, చిన్న తేడాలన్నీ పోగై బొగ్గు ఫేసు చేరేసరికి పెద్దవవుతాయి. అందుకే ట్రావర్సును, అంటే ఆ కొలతల వరుసను, తెలిసిన బిందువుకు తెచ్చి ముడివేసి చూస్తారు. టెలిస్కోపుకు ఆ తెలిసిన బిందువులు నక్షత్రాలే. స్టార్ సెన్సర్ అనే కెమెరా ఆకాశాన్ని ఫొటో తీసి, నక్షత్రాల పట్టికతో పోల్చి దిక్కును దిద్దుతుంది. దాన్నిబట్టి గైరో తప్పెంతో కంప్యూటర్ అంచనా కడుతుంది.

ఇద్దరు సాక్షులూ చెరో మాట చెబితే? జపాన్, నాసా తదితర సంస్థలు కలిసి 2016 ఫిబ్రవరి 17న పంపిన ఎక్స్‌రే టెలిస్కోపు హిటోమి కథ అదే. మార్చి 26న అది కొత్త గెలాక్సీ వైపు తిరిగాక స్టార్ సెన్సర్ తడబడింది. గైరో తప్పుపై కంప్యూటర్ అంచనా గంటకు 21.7 డిగ్రీల దగ్గర బిగుసుకుపోయింది. కదలకుండా ఉన్న టెలిస్కోపు తాను తిరుగుతున్నానని నమ్మి, ఆగడానికి తన లోపలి చక్రాలతో ఎదురు తిప్పుకుని, నిజంగానే తిరగసాగింది. స్టార్ సెన్సర్ తేరుకుని నిజం చెప్పేసరికి తేడా 1 డిగ్రీ దాటింది. అంత తేడా ఉంటే సెన్సరుదే తప్పనుకోవాలన్నది సాఫ్ట్‌వేర్‌లో రాసిన నియమం! చివరి రక్షణగా థ్రస్టర్లనే చిన్న రాకెట్లు పనిచేశాయి. వాటికి నేలనుంచి ఫిబ్రవరి 28న పంపిన అంకెల్లోనే పొరపాటుంది, పంపేముందు సరిగా సరిచూడలేదు. తిరుగుడు ఆగకపోగా హెచ్చింది, సౌరఫలకాలు విరిగిపడ్డాయి.

గైరోను తిట్టేవాళ్లున్నారు. పాపం, దాని తప్పేముంది? నేలమీది కేంద్రం పని టెలిస్కోపును తిప్పడం కాదు, పైకి పంపే ప్రతి అంకెనూ ముందే నిలదీయడం.

ఇక "దీనివల్ల మనకేమిటి?" అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. చచ్చేలోగా హిటోమి, పెర్సియస్ గెలాక్సీ గుంపులోని వేడి వాయువు సెకనుకు సుమారు 164 కిలోమీటర్ల వేగంతో కలగాపులగమవుతోందని కొలిచింది. దాంతో బియ్యం ధర తగ్గదు, నిజమే. అయినా అలాంటి కొలతల కోసమే 2023 సెప్టెంబరులో ఎక్స్‌రిజమ్ అనే మరో టెలిస్కోపు వెళ్లింది.