బడి విడిచిన పిమ్మట

అమెరికాలో పాఠశాలలను సాధారణముగా మధ్యాహ్నము 3 గంటల ప్రాంతమున విడుతురు. తలిదండ్రులు పనులనుండి యిల్లు చేరునప్పటికి అయిదో ఆరో యగును. ఆ నడిమి కాలమునను, రెండు మాసములకు మించిన వేసవి సెలవులయందును ధనికుల బిడ్డలు రుసుము చెల్లించి సంగీతమో, ఈతయో, గణితమో నేర్చుకొందురు. పేదల బిడ్డలకు తాళము వేసిన యిల్లో, వీధియో గతి.

ఈ యంతరమును తగ్గించుటకు 1994లో అచ్చటి కాంగ్రెసు 'ఇరువదియొకటవ శతాబ్దపు సామాజిక విద్యాకేంద్రముల' పథకమును శాసించెను. 1998లో 4 కోట్ల డాలర్లుగా నున్న కేటాయింపు నేడు 130 కోట్లకు మించినది. మొత్తము పెద్దదే. కాని 2025 జూలై 1వ తేదీన రాష్ట్రముల కందవలసిన యీ సొమ్మును వాషింగ్టను ప్రభుత్వము సమీక్ష పేర నిలిపివైచెను. కాంగ్రెసు మంజూరుచేసిన ధనము! వేసవి తరగతులు జరుగుచున్న దినములవి. స్వపక్షపు సెనేటర్లే అభ్యంతరము తెలిపిన పిదప, ఆ మాసమందే దానిని విడుదల చేయక తప్పలేదు.

ఇట్టి యిక్కట్టు రాకుండుటకు కాలిఫోర్నియా ప్రజలు త్రొక్కిన త్రోవ వేరు. 2002 నవంబరులో 49వ ప్రతిపాదనను వోట్లతో నెగ్గించి, బడి వేళలకు వెలుపలి కార్యక్రమములకై ఏటేట 55 కోట్ల డాలర్లవరకు ప్రత్యేకించిరి. (దీనిని ముందునకు దెచ్చినవాడు చలనచిత్ర నటుడు ఆర్నాల్డ్ ష్వార్జినెగ్గర్, మరుసటి యేట ఆయనయే ఆ రాష్ట్రమునకు గవర్నరయ్యెను.) పేదపిల్లలు సగమునకు తగ్గక యున్న బడులకు అందు ప్రాధాన్యము. అయితే, ధరలును కూలిరేట్లును పెరిగినను మొత్తము పెరుగమిచే 2017లో శాసనసభ మరి 5 కోట్లు చేర్చవలసివచ్చెను. ధరలతోపాటు నిధియు హెచ్చు ఏర్పాటు మొదటి శాసనమునందే యుండవలసినది.