పోలీసు – ప్రజా మైత్రి: ఫలితాలను కొలవడం ఎలా?

ప్రత్యేక వ్యాసం

పామర్రు (కృష్ణా జిల్లా): విజయవాడ – మచిలీపట్నం జాతీయ రహదారిపై, గుడివాడ నుండి వచ్చే మార్గము, కూచిపూడి, చల్లపల్లి మీదుగా దివిసీమకు సాగే మార్గము కలిసే కూడలి పామర్రు. మండల కేంద్రమైన ఈ ఊరు ఒకవైపు చుట్టుపక్కల వరిసాగు గ్రామాల రాకపోకలకు కేంద్రం కాగా, మరొకవైపు విజయవాడకు, గుడివాడకు, బందరుకు ఉద్యోగం, చదువు, కూలి నిమిత్తం ప్రతిరోజూ వెళ్లివచ్చే కుటుంబాలకు నివాసం. ఇటువంటి ఊళ్ల శివారు కాలనీలలో ఇరుగుపొరుగువారు ఒకరికొకరు బాగా తెలిసినవారు కారు. పూర్తిగా అపరిచితులూ కారు. పాత గ్రామ కట్టుబాటు ఇక్కడ సడలింది. నగరాలకు ఉండేపాటి గస్తీ బలగమూ ఇక్కడ ఉండదు. పోలీసులు, ప్రజలు కలిసి భద్రతను చూసుకునే సామాజిక పోలీసింగ్ అవసరమయ్యేది ఇటువంటి చోటనే. అది ఫలించిందో లేదో తేల్చడం కష్టమయ్యేదీ ఇటువంటి చోటనే.

ఈ కార్యక్రమాల సమీక్షలలో సాధారణంగా మూడు అంకెలు వినిపిస్తాయి. ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎంతమంది హాజరయ్యారు, నమోదైన నేరాలు ఎన్ని తగ్గాయి అన్నవే ఆ మూడు. మొదటి రెండూ జరిగిన పనిని చెబుతాయే గాని దాని ఫలితాన్ని చెప్పవు. మూడవది కొన్ని సందర్భాలలో వాస్తవాన్ని తలకిందులుగా చూపుతుంది. అందుచేత ఈ అంకెల ఆధారంగా నిర్ణయాలు తీసుకునే అధికారులు, వాటిని ప్రజల ముందుంచే పాత్రికేయులు అసలు కొలవవలసినదేమిటో స్పష్టంగా గుర్తించవలసి ఉంది.

తలారి నుండి మైత్రి వరకు

గ్రామ భద్రతలో గ్రామస్తులకు పాత్ర ఉండటం కృష్ణా డెల్టాకు కొత్త కాదు. 1816 నాటి మద్రాసు రెగ్యులేషను గ్రామ పెద్దలకు, వారి కింద పనిచేసే తలారులకు పోలీసు విధులను అప్పగించింది. 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం జీతంపై పనిచేసే యూనిఫారం దళాన్ని ఏర్పాటు చేసిన తరువాత కూడా మునసబు, తలారి ఊరికీ ఠాణాకూ నడుమ వారధిగా కొనసాగారు. ఆ ఏర్పాటులో ఊరివారికి అందుబాటు ఉండేది గాని సమానత్వం ఉండేది కాదు. పదవి కొన్ని కుటుంబాలకు వారసత్వంగా సంక్రమించేది. పేదవాని ఫిర్యాదు ఠాణాకు చేరాలంటే ఆ కుటుంబాల గడప దాటవలసి వచ్చేది. 1984లో రాష్ట్ర ప్రభుత్వం మునసబు, కరణాల వ్యవస్థను రద్దు చేసింది.

2000 దశకం తొలినాళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ 'మైత్రి' పేరుతో సామాజిక పోలీసింగ్‌ను చేపట్టింది. మర్యాదతో, సానుభూతితో కూడిన సేవలను అందించడం, స్థానికులతో సంఘాలను ఏర్పరచి వారి సమస్యలను వారితోనే చర్చించడం దీని ఆశయాలు. 2019 అక్టోబరులో గ్రామ, వార్డు సచివాలయాలు ప్రారంభమైనప్పుడు మహిళా సంరక్షణ కార్యదర్శుల పోస్టులు ఏర్పడ్డాయి. 2021 జూన్‌లో వారిని మహిళా పోలీసులుగా పేర్కొంటూ జారీ అయిన ఉత్తర్వును హైకోర్టులో సవాలు చేశారు. ఊరికి చేరువలో ఉంటూ ఫిర్యాదును విని ఠాణాకు చేర్చే వ్యక్తి అవసరమన్న ఆలోచన మాత్రం తలారి కాలం నుండి నేటి వరకు మారలేదు. ఆ వ్యక్తి ఎవరికి జవాబుదారీ, ఎవరి మాట వింటారు అన్నదే అప్పుడూ ఇప్పుడూ ప్రధాన ప్రశ్న.

నేరాల సంఖ్య ఎందుకు చాలదు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. శివారు కాలనీలో భర్త చేతిలో దెబ్బలు తింటున్న ఒక మహిళ ఇంతకాలం పెద్దమనుషుల పంచాయితీతో సరిపెట్టుకున్నారని అనుకుందాం. సచివాలయంలోని మహిళా ఉద్యోగిపై నమ్మకం కలిగి, ఆమె తొలిసారిగా ఫిర్యాదు చేస్తారు. ఠాణాలో కేసు నమోదవుతుంది. నెలవారీ నివేదికలో మహిళలపై నేరాలు ఒకటి పెరుగుతాయి. వాస్తవంలో ఇక్కడ పెరిగింది నేరం కాదు, నమ్మకం. నమోదు పెరగడం వేరు, నేరం పెరగడం వేరు అని జాతీయ నేర రికార్డుల సంస్థ తన వార్షిక నివేదికలలో హెచ్చరిస్తూనే ఉంది.

ఈ విషయం క్షేత్రస్థాయి పరిశోధనలోనూ రుజువైంది. మధ్యప్రదేశ్‌లో 180 పోలీస్ స్టేషన్లను తీసుకుని, వాటిలో కొన్నింట మహిళా సహాయ కేంద్రాలను ఏర్పాటు చేసి జరిపిన అధ్యయనం 2022లో ప్రచురితమైంది. సహాయ కేంద్రాలున్న ఠాణాలలో, ప్రత్యేకించి వాటిని మహిళా సిబ్బంది నడిపిన చోట, మహిళలపై హింసకు సంబంధించిన కేసుల నమోదు పెరిగింది. కేవలం అంకెను చూసేవారికి ఇది వైఫల్యంగా కనిపిస్తుంది; నిజానికి ఆ కార్యక్రమం ఆశించిన ఫలితమే అది. ఇందుకు విరుద్ధంగా, ఫిర్యాదుదారులను రాజీ పేరిట వెనక్కు పంపే ఠాణాలో నేరాలు 'తగ్గుతాయి'. శిక్షార్హమైన కాగ్నిజబుల్ నేరం జరిగినట్లు సమాచారం అందితే ఎఫ్.ఐ.ఆర్. నమోదు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో స్పష్టం చేసింది. కాబట్టి నమోదును తగ్గించడం ఏ కార్యక్రమానికీ లక్ష్యం కాజాలదు.

ఒకే ఠాణా పరిధిలోని చిన్న అంకెలతో మరొక ఇబ్బంది కలదు. ఒక నెలలో 4 దొంగతనాలు, మరుసటి నెలలో 6 జరిగితే శాతంలో అది 50 పెరుగుదల. వాస్తవానికి రెండు సంఘటనల తేడా మాత్రమే. సంక్రాంతి, కోతలు, పెళ్లి ముహూర్తాలు, వేసవి సెలవులు వంటి కాలాలనుబట్టి కూడా నేరాల తీరు మారుతుంది. జనవరిని డిసెంబరుతో గాక గత సంవత్సరాల జనవరి నెలలతో పోల్చవలసి ఉంటుంది. పామర్రులో గస్తీ పెరిగినప్పుడు దొంగతనాలు మొవ్వ వైపో, గుడ్లవల్లేరు వైపో జరిగి ఉంటే అది తగ్గుదల కాదు, తరలింపు మాత్రమే. పొరుగు మండలాల అంకెలను పక్కన పెట్టుకోకుండా ఒక ఊరి విజయాన్ని ప్రకటించడం తొందరపాటు అవుతుంది.

అమెరికాలోని న్యూయార్క్ నగర సమీపాన గల నెవార్క్‌లో 1978–79లో కాలినడక గస్తీపై జరిగిన ప్రయోగం మరొక కోణాన్ని చూపింది. గస్తీ పెరిగిన పేటలలో నేరాల సంఖ్య తగ్గలేదు. అయితే నివాసులలో భయం తగ్గింది, పోలీసుల పట్ల అభిప్రాయం మెరుగుపడింది. చీకటి పడిన తరువాత బస్సు దిగి శివారు కాలనీకి నడిచి వెళ్లే విద్యార్థినికి ఆ భయం తగ్గడం కూడా విలువైన ఫలితమే. అయితే దానిని ఠాణా రికార్డులలో వెతికితే దొరకదు; ఆమెను అడిగి తెలుసుకోవాలి.

సమావేశంలో ఎవరున్నారు?

అమెరికాలోని చికాగో నగరం 1993లో ఐదు పోలీసు జిల్లాలలో సామాజిక పోలీసింగ్‌ను ప్రారంభించి, తరువాత నగరమంతటికీ విస్తరింపజేసింది. ప్రతినెలా బీట్ సమావేశాలు జరిగాయి. దశాబ్దానికి పైగా సాగిన మదింపులో ఒక విషయం బయటపడింది. నల్లజాతి పేటలలో సమావేశాలకు ఆదరణ లభించగా, లాటిన్ అమెరికా మూలాలు గల కుటుంబాలు వాటికి పెద్దగా రాలేదు. ప్రయోజనమూ వారికి తక్కువగానే అందింది. సమావేశానికి రానివారి సమస్య చర్చకు రాదన్నది దీనినుండి గ్రహించవలసిన పాఠం.

మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు మరింత ప్రాధాన్యం ఉంది. 2008 పునర్విభజనలో ఏర్పడిన పామర్రు శాసనసభ నియోజకవర్గం షెడ్యూల్డు కులాలకు కేటాయించబడింది. ఈ పరిధిలోని మైత్రీ సంఘంలో దళితవాడల ప్రతినిధులు, మహిళలు, వ్యవసాయ కూలీలు, అద్దె ఇళ్లలో నివసించే కుటుంబాలవారు ఉన్నారా అన్నది తొలి పరీక్ష. పేరు ఉంటే చాలదు. వారు లేవనెత్తిన సమస్య మినిట్స్ పుస్తకంలోకి ఎక్కిందా అన్నది రెండవ పరీక్ష. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989 కింద రావలసిన ఫిర్యాదు సంఘం స్థాయిలోనే రాజీగా ముగిస్తే, అది మునసబు కాలపు గడపను కొత్తగా నిర్మించినట్లే అవుతుంది.

సభ్యుల ఎంపికకు సంబంధించి డెల్టాలో అందరికీ తెలిసిన ఉదాహరణ సంక్రాంతి కోడిపందేలు. జంతు హింస నిరోధక చట్టం, ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వీటిని నిషేధిస్తున్నాయి. పందెపు బరిని నడిపించేవారే శాంతి సంఘపు ముందు వరుసలో కూర్చుంటే ఆ సంఘంపై ప్రజలకు ఏర్పడే అభిప్రాయాన్ని వేరుగా చెప్పనవసరం లేదు.

స్వచ్ఛంద సభ్యులకు గల హద్దులనూ పరిశీలించాలి. తమిళనాడులో 1993లో రామనాథపురం జిల్లాలో ఆరంభమైన 'పోలీసు మిత్రులు' కార్యక్రమం రాష్ట్రమంతటా విస్తరించింది. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళం కస్టడీ మరణాల దరిమిలా ఈ స్వచ్ఛంద సభ్యుల పాత్రపై ఆరోపణలు రాగా, జూలైలో ఆ రాష్ట్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని నిషేధించింది. పోలీసుకు తోడు నిలవడం వేరు, పోలీసు అధికారాన్ని చెలాయించడం వేరు. ఈ గీతను కాగితంపై స్పష్టంగా గీయని కార్యక్రమం ఎంత మంచి ఆశయంతో మొదలైనా నిలవదు. కేరళలో 2008లో ఆరంభమైన 'జనమైత్రి' కార్యక్రమం తరువాత, 2011 నాటి ఆ రాష్ట్ర పోలీసు చట్టంలోనే సామాజిక పోలీసింగ్‌కు స్థానం కల్పించడం ఈ దిశలో గమనించదగినది.

మాట తరువాత పని

బ్రెజిల్, కొలంబియా, లైబీరియా, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఉగాండా దేశాలలో ఒకే పద్ధతిన జరిపిన ప్రయోగాల ఫలితాలు 2021 నవంబరులో వెలువడ్డాయి. సామాజిక పోలీసింగ్ వల్ల ఆ దేశాలలో ప్రజల విశ్వాసం చెప్పుకోదగినంతగా పెరగలేదు, నేరమూ తగ్గలేదు. దీనిని ఆ విధానానికే ఉరిశిక్షగా భావించనవసరం లేదు. పరిశోధకులు గుర్తించిన కారణాలు ముఖ్యమైనవి. ఉన్నతాధికారుల నుండి నిరంతర మద్దతు కొరవడింది. సిబ్బంది తరచూ బదిలీ అయ్యారు. సమావేశాలలో ప్రజలు చెప్పిన సమస్యలను పరిష్కరించేందుకు ఠాణాలకు వనరులు లేవు.

రాజస్థాన్‌లో 11 జిల్లాలలోని 162 పోలీస్ స్టేషన్లలో జరిగిన మరొక అధ్యయనం ఇదే విషయాన్ని బలపరిచింది. ఠాణాలో స్థానిక పరిశీలకులను కూర్చోబెట్టే ఏర్పాటు పెద్దగా ఫలించలేదు. సిబ్బందికి శిక్షణ ఇవ్వడం మాత్రం బాధితుల సంతృప్తిని పెంచింది. స్టేషన్ హౌస్ అధికారి కనీసం రెండు సంవత్సరాలు ఒకే చోట పనిచేయాలని సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో ఆదేశించింది. కాలనీవాసులు ఎస్.ఐ. పేరు నేర్చుకునేలోగానే ఆయన బదిలీ అయితే మైత్రికి పునాది ఎక్కడిది?

ఫిర్యాదు తరువాత ఏమైందో తెలియజేయడం ఇప్పుడు చట్టబద్ధమైన బాధ్యత కూడా. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, దర్యాప్తు పురోగతిని 90 రోజులలోగా ఫిర్యాదుదారునికి లేదా బాధితునికి తెలియజేయాలి. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. ఈ రెండూ తేదీలతో సరిచూడగలిగిన అంశాలు. సామాజిక పోలీసింగ్ సాఫల్యానికి ఇంతకంటె తేలికైన, విశ్వసనీయమైన కొలమానం అరుదు.

మదింపులో వేయవలసిన ప్రశ్నలు

పామర్రు వంటి కూడలి పట్టణంలో కార్యక్రమాన్ని మదింపు చేసేటప్పుడు ఈ క్రింది అంశాలను పరిశీలించడం సముచితం.

1. కార్యక్రమం ఆరంభానికి ముందు పరిస్థితి నమోదైందా? ముందటి వివరాలు లేనిదే తరువాతి మార్పును నిర్ధారించలేము.

2. కార్యక్రమం అమలు కాని పొరుగు ప్రాంతంతో, అవే నెలలకు పోలిక ఉందా?

3. నివాసుల అభిప్రాయాన్ని సేకరించినవారు పోలీసు శాఖకు వెలుపలివారేనా? యూనిఫారం ఎదుట నిలబడి పోలీసుల గురించి నిజం చెప్పేవారు తక్కువ. మహిళలను ఇంటి పురుషులు లేని సమయంలో విడిగా అడిగారా?

4. సమావేశాలలో వచ్చిన సమస్యలలో ఎన్ని పరిష్కారమయ్యాయి, ఎన్ని రోజులలో? వెలగని వీధిదీపం, ప్రమాదాలు జరిగే రహదారి మలుపు వంటివి పోలీసుల చేతిలో లేకపోతే పంచాయతీకి, రహదారుల శాఖకు రాసిన లేఖ ఉందా?

5. ఎస్.ఐ., బీట్ కానిస్టేబుల్ ఎంతకాలంగా పనిచేస్తున్నారు? బదిలీ అయినప్పుడు సమస్యల జాబితా తరువాతి అధికారికి అందిందా?

ఈ ప్రశ్నలకు పెద్ద వ్యయం అవసరం లేదు. ఠాణాలోని జనరల్ డైరీ, సమావేశాల మినిట్స్ పుస్తకం, ఇంటింటికీ వెళ్లి నింపే ఒక చిన్న ప్రశ్నావళి చాలు. పాత్రికేయులు కూడా 'నేరాలు తగ్గాయి' లేదా 'పెరిగాయి' అనే శీర్షికకు ముందు, ఆ అంకె వెనుక ఫిర్యాదు స్వీకరణ ఎలా ఉందో విచారిస్తే పాఠకులకు మేలు చేసినవారవుతారు.

సామాజిక పోలీసింగ్‌కు అసలు పరీక్ష ఇంతవరకూ ఠాణా గడప ఎక్కనివారు ధైర్యంగా వచ్చి ఫిర్యాదు చేయడం, 90 రోజుల లోపల వారికి జవాబు అందడం. ఈ రెండూ జరిగితే తొలి సంవత్సరంలో నేరాల పట్టిక కొంత పొడవైనా ఆ కార్యక్రమం సఫలమైనట్లే. ఇవి జరగనప్పుడు పట్టిక ఎంత పొట్టిగా ఉన్నా దానిని మైత్రిగా పరిగణించలేము.