స్కూటరుపై దీవి చుట్టి వద్దామా?

నల్లజర్ల : తాడేపల్లిగూడెంలో రైలెక్కితే చెన్నై. అక్కడినుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. ఒకప్పుడు సెల్యులార్ జైలు పేరు చెబితేనే గుండెలు అదిరిన అండమాన్‌కు ఇప్పుడు జనం సరదాగా వెళ్లి వస్తున్నారు.

శ్రీవిజయపురం (2024 వరకు పోర్ట్‌బ్లెయిర్) రేవులో పడవెక్కితే స్వరాజ్ ద్వీప్ చేరవచ్చు. 2018 వరకు దాని పేరు హేవ్‌లాక్. అక్కడ స్కూటర్లు అద్దెకు దొరుకుతాయి. తోడు లేకుండా వెళ్లినవారికి ఇదే తేలిక. రేవు నుంచి రాధానగర్ తీరం సుమారు 12 కిలోమీటర్లు. దారిలో కొబ్బరి, వక్క తోటలు చూస్తే మన మెట్ట రైతుకు సొంత ఊరే గుర్తుకొస్తుంది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవారికి ఇచ్చిన ఊళ్లవి. భాష రాదన్న బెంగ అక్కరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే.

అయిదుకే చీకటి

గడియారం మనదే, పొద్దు మాత్రం వేరు. ఆ దీవులు బాగా తూర్పున ఉన్నందున డిసెంబరులో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. చీకట్లో అడవి దారిన బండి జారితే ఒంటరివాడికి పలికేవారుండరు. అందుకే బ్రేకులు, లైటు, పెట్రోలు ముందే చూసుకోవాలి. నల్ల పలకపై పసుపు అంకెలున్న బండినే తీసుకోవాలి. తెల్ల పలక సొంత బండి అద్దెకు తీసుకుంటే, ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కే. లైసెన్సు, హెల్మెట్ తప్పనిసరి.

2010లో రాధానగర్ సమీపంలో అమెరికా యువతి ఒకరు మొసలికి బలయ్యారు. హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలో దిగరాదు. ఎటు వెళుతున్నదీ, ఎప్పటికి తిరిగి వచ్చేదీ బసలో చెప్పి బయలుదేరాలి. ఆ ముక్కే ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మకూ నిద్ర పడుతుంది.