టైటానియమునకు గట్టి చర్మము

ఘన సెంటీమీటరు ఇనుము సుమారు 7.8 గ్రాములు తూగును, టైటానియము 4.5 గ్రాములే తూగును. అయినను దీని మిశ్రమములు బలమునందు అనేక విధములగు ఉక్కులకు తీసిపోవు. ఉప్పునీటికిని తుప్పు పట్టదు. దీని ఖనిజమగు ఇల్మనైటు మన గంజాం జిల్లా ఛత్రపురము తీరపు ఇసుకలోనే కలదు. విమానములయందును, మానవ శరీరములో ఎముకకు బదులుగను ఈ లోహమును వాడుచున్నారు.

ఇన్ని సుగుణములున్నను ఇది రాపిడికి ఓర్వలేదు. గాలి సోకగనే దీనిపై ఆమ్లజనితో కూడిన పలుచని పొర యేర్పడును. తుప్పు నుండి కాపాడునది ఆ పొరయే. కాని దాని మందము సాధారణముగా మిల్లీమీటరులో లక్షవ వంతునకు మించదు. రెండు భాగములు ఒరసికొన్నప్పుడు పొర చిరిగి, లోపలి లోహము బయటపడి, ఎదుటి లోహమునకు అంటుకొనును. కదలిన కొలది పెచ్చులు ఊడివచ్చును.

దీని ఫలితము రోగులు అనుభవించిరి. తుంటి కీలు మార్చు చికిత్సలో 1970, 1980 దశకములలో టైటానియపు గుండ్లను వాడిచూచిరి. కొందరిలో అవి గీతలుపడి అరిగి, నల్లని లోహపుపొడి చుట్టునున్న కండలో చేరెను. మరల శస్త్రచికిత్స చేయవలసివచ్చెను. నేడు ఎముకలో దిగవేయు కాడకు టైటానియమునే వాడుచున్నను, గుండునకు కోబాల్టు క్రోమియముల మిశ్రమమునో, పింగాణి జాతి పదార్థమునో వాడుదురు.

లోహమును మార్చక చర్మమును మాత్రము గట్టిపరచు ఉపాయము కలదా? కలదు. నూటికి 6 పాళ్ళు అల్యూమినియము, 4 పాళ్ళు వెనేడియము గల మిశ్రమము అధిక ప్రచారములో నున్నది. దాని కాఠిన్యము విక్కర్సు కొలతలో 350 ప్రాంతము. దానిని మూసిన కొలిమిలో నత్రజని నడుమ 700 మొదలు 1000 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు కాచినచో, పైన టైటానియము నైట్రైడు అను బంగారు వన్నె పొర యేర్పడును. ఈ నైట్రైడు కాఠిన్యము 2000 ప్రాంతము. అంగడిలో పసిడివన్నె డ్రిల్లు ములుకులను చూచియుందురు. వానిలో పెక్కింటి పూత ఇదియే, లోపలిది మాత్రము ఉక్కు. పూత గోడకు వేసిన సున్నము వంటిది. కొలిమిలో పట్టించిన నత్రజని యన్ననో, నూలునకు పట్టిన రంగువలె కొంత లోనికి దిగును. నా దృష్టిలో దీని విశేషమంతయు అందే యున్నది.

అయితే అధికమగు వేడికి లోహపు రేణువులు పెరుగును. పై పొరయు పెళుసు. అందువలన మాటిమాటికి వంగుచు భారము మోయు భాగము త్వరగా బీటవారవచ్చును. విద్యుచ్ఛక్తితో నత్రజనిని వెలిగించి తక్కువ వేడిలో పట్టించు పద్ధతి కలదుగాని, వేడి తగ్గినచో పొరయు పలుచబడును. లేసరు కిరణముతో రాపిడి తగులు చోటును మాత్రమే కరగించి, అక్కడనే నత్రజనిని పట్టించుటయు కలదు. అందు పగుళ్ళు రాకుండ చూచుటయే కష్టము.