టోగా కట్టించే ముందు ఒక మాట

"అమ్మా, పాత తెల్ల దుప్పటి ఒకటి కావాలి" అని మా అమ్మాయి అడిగితే సైన్స్ ప్రాజెక్టుకేమో అనుకున్నాను. తీరా చూస్తే హైస్కూల్ లాటిన్ క్లబ్ వాళ్ళ రోమన్ విందుకట!

అమెరికాలో లాటిన్ నేర్పే చాలా స్కూళ్ళలో ఏటా ఈ విందు జరుగుతుంది. కొందరు డిసెంబరులో శాటర్నేలియా పండుగకి, కొందరు రోమ్ నగరం పుట్టినరోజని చెప్పే ఏప్రిల్ 21కి దగ్గరలో పెట్టుకుంటారు. పిల్లలు టోగాలు చుట్టుకుని రొట్టె, చీజ్, ఆలివ్‌లు, ద్రాక్ష చేత్తోనే తింటారు. రోమన్లు ఫోర్కులతో తినేవారు కాదు మరి. టమాటా, బంగాళాదుంప, మిరపకాయ వాళ్ళకి తెలియవు. అవి అమెరికా ఖండాల పంటలు. మిరియాలు మాత్రం ఓడల్లో మన మలబారు తీరం నుంచే వెళ్ళేవి.

దుస్తుల్లో కూడా హోదా ఉండేది. టోగా రోమన్ పౌరులైన మగవాళ్ళది. పెళ్ళైన గౌరవ స్త్రీలు స్టోలా వేసుకుని, పైన పల్లా అనే వస్త్రం కప్పుకునేవారు. అది వింటే నాకు మన పైట గుర్తొచ్చింది. బానిసలకి టోగా కట్టే హక్కే లేదు.

అక్కడే చిక్కొచ్చింది. "ఫస్ట్ ఇయర్ వాళ్ళం కదా, మేము బానిసలం. సీనియర్లు మమ్మల్ని వేలంలో కొనుక్కుంటారు. ఊరికే ఆటేలే అమ్మా" అంది. నాకు నవ్వు రాలేదు. ఆ క్లాసులో నల్లజాతి పిల్లలూ ఉన్నారు. ఈ దేశంలో బానిసత్వాన్ని రద్దు చేసింది 1865లో. ముత్తాతల తాతలు నిజంగా వేలంలో నిలబడ్డ పిల్లలకి అది ఆటెలా అవుతుంది?

"నువ్వేం మాట్లాడకమ్మా, నా పరువు పోతుంది" అని అమ్మాయి గోల. అయినా టీచర్‌కి మర్యాదగా నాలుగు వాక్యాలు రాశాను. తప్పుపట్టకుండా, ఒక దారి కూడా చూపించాను. శాటర్నేలియా రోజుల్లో రోమన్ ఇళ్ళలో పాత్రలు తారుమారయ్యేవి, కొన్నిచోట్ల యజమానులే బానిసలకి వడ్డించేవారు. మన పిల్లలూ అలాగే చేయొచ్చు కదా అన్నాను. అప్పటికే ఇంకో తల్లి కూడా అడిగిందట. వేలం ఎత్తేశారు. ఆ ఏడాది సీనియర్లే చిన్నవాళ్ళకి వడ్డించారు.

రాత్రి అమ్మాయి దుప్పటి నిండా ద్రాక్షరసం మరకలతో ఇంటికొచ్చింది. "సీనియర్లు అయ్యాక వడ్డించే వంతు మాదేనట. ఈ దుప్పటి పారేయకు" అంది.

ఉతికి దాచాను.