ఆ రేడియోకి ఓనరమ్మలు ఎందరో!

సొంతంగా రేడియో స్టేషన్ పెట్టాలంటే ఏం కావాలి? వేలంలో పాట పాడటానికి కోట్ల రూపాయలు కావాలి అనుకుంటాం. కానీ, జహీరాబాద్ దగ్గర మాచనూరులో చేలల్లో పనిచేసుకునే మహిళలు ఆ మాట తప్పని నిరూపించారు. వారిదే సంఘం రేడియో!

దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా పనిచేసిన పి.వి.సతీష్ మరికొందరితో కలిసి 1980లలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించారు. పేద మహిళలు, ముఖ్యంగా దళిత మహిళలు ఊరూరా సంఘాలుగా ఏర్పడ్డారు. బీడు భూముల్లో జొన్న, కొర్ర, సామ పండించారు. విత్తనాలు దాచుకున్నారు. ఆ అనుభవాలన్నీ పదిమందికీ చెప్పాలంటే తమకో రేడియో ఉండాలనుకున్నారు.

యునెస్కో సాయంతో 1998 నాటికే స్టూడియో సిద్ధమైంది. ప్రసారానికి అనుమతే లేదు! గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినా పల్లెకు మైకు దక్కలేదు. అయినా వాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. పాటలు, ముచ్చట్లు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో టేప్ రికార్డర్‌లో వినిపించారు. అలా పదేళ్లు గడిచాయి.

2002లో ప్రభుత్వం విద్యాసంస్థలకు కమ్యూనిటీ రేడియో అవకాశం ఇచ్చింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ తలుపు తీసింది. వ్యక్తులకు, రాజకీయ పార్టీలకు మాత్రం లైసెన్సు ఇవ్వకూడదన్నది నిబంధన. చివరికి 2008 అక్టోబర్ 15న, గ్రామీణ మహిళల దినోత్సవం నాడు, సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది ఎవరో తెలుసా? 1995 నాటి ఆ తీర్పు రాసిన జస్టిస్ పి.బి.సావంత్!

స్టేషన్ బాధ్యత తీసుకున్న ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ. మైకు ముందు మాట్లాడటం నుంచి రికార్డింగు, ఎడిటింగు దాకా అన్నీ నేర్చుకున్నారు. పుస్తక భాష జోలికి పోలేదు. సేద్యం, వైద్యం, వంటలు, పండుగ పాటలు... ఏదైనా ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నట్టే సాగేది. చుట్టుపక్కల పాతిక కిలోమీటర్ల దూరంలోని ఊళ్లకు తమ మాట తమ యాసలోనే చేరింది.

సతీష్ 2023లో కన్నుమూశారు. లైసెన్సు కాగితం మీద ఉన్నది సొసైటీ పేరే. కానీ, పదేళ్లు ఎదురుచూసి గొంతు నిలబెట్టుకున్న ఆ మహిళలు కాక ఆ రేడియోకి ఓనర్లు ఇంకెవరు?