విద్యుత్ గిటారు నాదమును గూర్చి

గడచిన క్రిస్మసునకు మన పాఠశాల ఆవరణమున జరిగిన పాటల కార్యక్రమమునకు వచ్చినవారికి ఆ రాత్రి గిటారు చేసిన గోల జ్ఞాపకముండకపోదు. పదవ తరగతి బాలుడొకడు క్రొత్తగా కొన్న విద్యుత్ గిటారునకు మూడు పెడళ్లు తగిలించి, దానిని పందిరి మైకు సెట్టుకు కలిపి వాయింపగా, స్తంభములకు కట్టిన హారన్లనుండి రంపముతో రేకును కోయునట్టి ధ్వని వెలువడెను. ముందు వరుసలోని పసిపిల్లలు చెవులు మూసికొనిరి. పాడుచున్న బాలికల కంఠములు ఎవరికిని వినబడలేదు. మరునాడు కొందఱు తలిదండ్రులు నాయొద్దకు వచ్చి, "మాస్టారుగారూ, మనకు హార్మోనియము, తబలా చాలవా? ఈ గిటారు మనకెందుకండీ?" అనిరి. ఆ బాలుని తండ్రి సాయంకాలమున వేఱొక ప్రశ్నతో వచ్చెను. ప్రత్తి అమ్మిన సొమ్ములో కొంత తీసి యింకొక ఖరీదైన పెడలు కొనిపెట్టినచో నాదము బాగుపడునా యని ఆయన సందేహము. బాగుపడునని కుమారుడు చెప్పినాడట.

ఇరువురికిని నేను చెప్పిన సమాధాన మొక్కటియే. తప్పు గిటారుది కాదు. క్రొత్త పెడలు కొన్నను ఆ తప్పు తీరదు. నాదము వ్రేళ్లయందును తీగలయందును పుట్టి, స్పీకరునందు రూపము దాల్చును. పెడలు నడుమ వచ్చునది మాత్రమే. ఈ మాటను ఆనాడు వారికి తొందరలో చెప్పితిని. ఇప్పుడు కొంచెము తీరికగా వ్రాయుచున్నాను.

చెక్క గిటారునందు తీగ కదలిక గుఱ్ఱము ద్వారా పలుచని పైపలకకు చేరును. ఆ పలక గాలిని కదల్చును. అట్లు గాలికి తన శక్తినంతయు నిచ్చివేయుటచేత స్వరము త్వరగా ఆరిపోవును. విద్యుత్ గిటారు దేహమో, దళసరి చెక్క. అది గాలిని అంతగా కదల్పదు గనుక తీగ చాలసేపు మ్రోగుచునే యుండును. అయితే ఆ మ్రోత మనకు వినబడునంత పెద్దది కాదు. అందుచేత తీగల క్రింద అయస్కాంతములనుంచి, వాని చుట్టును వెండ్రుకవంటి రాగితీగను ఏడెనిమిది వేల చుట్లు చుట్టుదురు. దీనినే పికప్పు అందురు. ఉక్కుతీగ అయస్కాంతము చెంత కదలినప్పుడు ఆ చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఇది 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న ధర్మమే. పదవ తరగతివారు పాఠ్యపుస్తకమున చదివియున్నారు. నైలాను తీగల గిటారునకు ఈ పికప్పు ఏల పనిచేయదో వారే చెప్పగలరు. ఈ పద్ధతిని 1931, 1932 సంవత్సరములలో అమెరికాలో జార్జి బీచమ్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనువారు వాడుకలోనికి తెచ్చిరి. వారి మొదటి గిటారు గుండ్రని దేహముతోను పొడవైన కాడతోను ఉండుటచేత దానికి "వేపుడు పెనము" అను పేరు వచ్చెను. నేటికిని ఆ పేరే నిలిచియున్నది.

స్వరము చాలసేపు నిలుచుటవలన కలుగు లాభమును మన ఆంధ్రదేశమున అందఱికన్న చక్కగా చూపినవారు పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్‌గారు. మాండలిన్ శ్రీనివాస్ అనినగాని పిల్లలు గుర్తింపరు. చెక్క మాండలినునకు జంటలుగా ఎనిమిది తీగలుండును. మీటిన స్వరము క్షణములో అణగిపోవును. కర్ణాటక సంగీతమునకు గమకము ప్రాణము గదా. ఒక స్వరమును మీటి, అది నిలిచియుండగానే తీగను జరిపి మఱియొక స్వరమునకు జారవలెను. స్వరమే నిలువనప్పుడు జారుట కేమున్నది? అదియునుగాక జంట తీగలను ఒక్కమాఱు జరిపినచో రెండును సరిగా ఒకే శ్రుతిలో నుండుట కష్టము. శ్రీనివాస్‌గారు విద్యుత్ మాండలినును స్వీకరించి, జంటలను తీసివేసి, ఐదు ఒంటి తీగలను బిగించుకొనిరి. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములో తొమ్మిదేండ్ల బాలుడుగా తొలి కచేరి చేసిరి. 2014లో చెన్నపట్టణమున దివంగతులగువఱకును ఆ వాద్యమునే వాయించిరి. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో వారి క్యాసెట్టును అరుగునట్లు వింటిని. అందులో పెడళ్ల ఆర్భాటమేమియు నాకు వినబడలేదు. వారు తమ సంగీతమునకు ఏమి కావలెనో ముందు తెలిసికొని, వాద్యమున అంతమాత్రమే మార్చిరి.

కనుక మొదట తీగలను చూడవలెను. మన పల్నాటి యెండలలో చెమట తగిలి తీగలు త్వరగా త్రుప్పుపట్టును. త్రుప్పుపట్టిన తీగ మూగవోవును. వాయించిన వెంటనే పొడి గుడ్డతో తుడిచినచో ఎక్కువ కాలము నిలుచును. తక్కువ ఖర్చుతో నాదమును బాగుచేయు ఉపాయము క్రొత్త తీగల జత. దానికి మించినది నే నెఱుగను. తరువాత శ్రుతి. చేతి ఫోనులలో ఉచితముగా దొరకు శ్రుతిసాధనము చాలును. తీగను ఒట్టిగా మీటి శ్రుతి చేసిన పిమ్మట, పండ్రెండవ మెట్టున నొక్కి చూడుడు. అది సరిగా పైస్థాయి స్వరమును పలుకనియెడల గుఱ్ఱముమీది మరను కొంచెము త్రిప్పి సరిచేయవలెను. ఆ బాలుని గిటారునందు లావు తీగ ఈ పరీక్షలో నిలువలేదు. ఎన్ని పెడళ్లు దానిని బాగుచేయగలవు?

మీటు చోటుకూడ ముఖ్యమే. గుఱ్ఱమునకు చేరువగా మీటినచో పదును, దూరముగా మీటినచో మెత్తదనము కలుగును. గిటారుపై పికప్పులు రెండు మూడుండుటకు కారణమిదే. గుఱ్ఱము చెంతనున్న పికప్పు పదునుగాను, మెడ చెంతనున్నది మెత్తగాను పలుకును. పాటకు తోడుగా వాయించువాడు మెడ వైపు పికప్పును ఎన్నుకొని, గిటారుపైనున్న శబ్దపు మరను కొంత తగ్గించినచో సగము గోల అక్కడనే తీరును.

ఇక మైకు సెట్టు మాట. పెడళ్లు లేక గిటారును తిన్నగా మైకు రంధ్రమునకు కలుపువారు కలరు. పికప్పు ఊట తక్కువ గల బావివంటిది. దానికి పెద్ద మోటారు బిగించినట్లు మైకు రంధ్రము ఎక్కువ విద్యుత్తును లాగజూచును. అందుచే తీక్ష్ణ స్వరములు క్షీణించి నాదము బురదవలె నగును. గిటారుకొఱకు చేసిన రంధ్రము ఇందుకు ఎన్నో రెట్లు మెల్లగా లాగును. మిక్కిలి పొడవైన తీగయు ఇట్లే తీక్ష్ణతను తినివేయును. ఆఱు మీటర్లు మించకుండుట మేలు.

మన బాలునికి జరిగినది దీనికి భిన్నము. హారను ఊరేగింపులలోను సభలలోను మాటను దూరమునకు పంపుటకు చేసినది. 300 హెర్ట్జులకు దిగువనున్న స్వరములను అది సరిగా పలుకదు. గిటారు ఒట్టి తీగల స్వరములు లావు తీగనుండి వరుసగా 82, 110, 147, 196, 247, 330 హెర్ట్జులు. అనగా ఆఱింటిలో అయిదు తీగల మూలస్వరములు హారనునకు అందనే అందవు! నాదమునకు కండయంతయు పోయి యెముక మిగిలెను. ఆ యెముకమీద బాలుడు డిస్టార్షను పెడలును పూర్తిగా త్రిప్పియుండెను.

డిస్టార్షను అననేమో చెప్పెదను. కుంచములో ధాన్యము పోసి, మీది పోగును కఱ్ఱతో త్రోసి చదును చేయుట చూచియున్నారు గదా. ఈ పెడలు ధ్వని తరంగముల శిఖరములను అట్లే చదును చేయును. చదునైన తరంగమునందు మొదట లేని పైస్వరములు పుట్టును. 110 హెర్ట్జుల స్వరమునకు 330, 550, 770 ఇట్లు మూడు, అయిదు, ఏడు రెట్ల స్వరములు తోడై, మిక్కిలి పైదాక పోవును. గిటారుకొఱకు చేసిన ఆంప్లిఫైయరు పెట్టెలోని స్పీకరు సుమారు 5,000 హెర్ట్జులకు మీదనున్న ధ్వనిని బాగుగా తగ్గించివేయును. అది లోపముకాదు, వరము. గీచులాడు పైస్వరములను జల్లెడవలె ఆపి, వినదగిన భాగమునే పంపును. హారనునకు ఆ జల్లెడ లేదు. ఆ రాత్రి రంపపు ధ్వని పుట్టుటకు కారణమిదే.

వింతయేమనగా ఈ డిస్టార్షను మొదట చెడిపోయిన సామాగ్రినుండియే పుట్టినది. 1961లో వెలువడిన అమెరికా గాయకుడు మార్టీ రాబిన్స్ పాటను పట్టుచుండగా యంత్రములో నొక భాగము చెడి, గ్రేడీ మార్టిన్ వాయించిన గిటారు బొంగురుగా పలికెను. వారు దానిని తీసివేయక ఉంచిరి. మఱుసటి యేడు అట్టి ధ్వనిని కావలెననియే పుట్టించు మేస్ట్రో ఫజ్‌టోన్ అను పెడలు అంగళ్లకు వచ్చెను. 1964లో ఇంగ్లాండునందు కింక్స్ మేళమువాడు డేవ్ డేవిస్, చిన్న ఆంప్లిఫైయరు స్పీకరు కాగితమును బ్లేడుతో కోసి తనకు కావలసిన ధ్వనిని రాబట్టెను. మన పిల్లలు దీనిని చదివి పాఠశాల స్పీకర్లపై ప్రయోగింపకుందురుగాక! ఖరీదులేని సామాగ్రియైనను చెవిగలవాని చేతిలో పలుకుననుటకు చెప్పితినిగాని కోయుమని కాదు.

పెడళ్లను కలుపు వరుసను గూర్చి పిల్లలు తఱచుగా అడుగుదురు. గిటారు తరువాత శ్రుతిసాధనము, పిదప డిస్టార్షను, దాని తరువాత ప్రతిధ్వనిని కల్పించు డిలే, రివర్బు పెడళ్లు. ప్రతిధ్వనిని ముందుంచి డిస్టార్షనును వెనుక నుంచినచో ప్రతిధ్వనులన్నియు కలిసి ముద్దయగును. మన బాలుడు అట్లే యుంచినాడు. మరలన్నిటిని గడియారమున పండ్రెండు గంటల ముల్లువలె నిలిపి మొదలుపెట్టి, డిస్టార్షనును మాత్రము అంతకన్న తక్కువ చేయవలెను. డిస్టార్షను వేసినప్పుడు ఆఱు తీగలను కలిపి మీటరాదు. పుట్టిన పైస్వరములు ఒండొంటితో పోరాడును. షడ్జ పంచమములు రెండు చాలును. ఇంటియొద్ద మెల్లగా వాయించునప్పుడు మన చెవికి మంద్రస్వరములు తక్కువగా వినబడును. ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లో దీనిని కొలిచి చూపిరి. అందుచే పిల్లవాడు ఇంట మంద్రమును పెంచును. అదే అమరికతో సభలో గట్టిగా వాయించినచో గుంయిమని మ్రోగును. కావున అమరికను తోడివారు పాడుచుండగా, హార్మోనియము మ్రోగుచుండగా చేయవలెను. మధ్యస్వరములను తగ్గించినచో ఒంటరిగా విన సొంపుగా నుండునుగాని, పదిమందిలో గిటారు మాయమగును. అప్పుడు వాయించువాడు శబ్దమును పెంచును, పాడువారి కంఠములు మునుగును.

నాద విషయమిట్లుండగా, ఆ బాలుడు మాటలలో మాటగా నాతో నొకటి చెప్పెను: "మాస్టారూ, గిటారు పట్టుకొని మైకు దగ్గఱ పాడబోతే పెదవులు జిల్లుమన్నవి." ఇది విని నాకు వెన్ను చల్లబడినది. గిటారు తీగలు ఆంప్లిఫైయరు ద్వారా ఎర్తునకు కలిసియుండును. ఎర్తు లేనిచోట లోపముగల యంత్రమునుండి విద్యుత్తు ఆ తీగలకో మైకునకో ఎక్కవచ్చును. ఒకచేత గిటారును, పెదవితో మైకును తాకినవాడు రెంటికిని నడుమ వంతెన యగును. 1972 మే 3వ తేదీన వేల్సు దేశమందలి స్వాన్సీ పట్టణమున లెస్ హార్వే అను గిటారు వాద్యకారుడు ఎర్తు లేని మైకును తాకి వేదికమీదనే మరణించెను. ఆ క్రిస్మసు రాత్రి పందిరిలోని బోర్డునకు మూడవ రంధ్రమున తీగయే లేదని మఱునాడు విప్పి చూచినప్పుడు తెలిసినది. మూడు ముళ్ల ప్లగ్గులో మూడవ ముల్లును విఱిచి రెండు రంధ్రముల బోర్డునకు పెట్టు అలవాటు మన యిండ్లలో నున్నది. దానిని మానుడు. ఎర్తు గుంతలో ఉప్పు, బొగ్గు వేసి, వేసవిలో తప్పక నీరు పోయుచుండవలెను. ఎండిన నేల విద్యుత్తును గ్రహింపదు. గిటారు ఆంప్లిఫైయరును మైకు సెట్టును ఒకే బోర్డునుండి నడుపుడు. తీగలను తాకినప్పుడు గుఱ్ఱుమను చిన్న ధ్వని తగ్గుట సహజమే. జిల్లుమనుట సహజము కాదు. వెంటనే వాద్యమును విడిచి పెద్దలకు చెప్పవలెను.

ఆ తండ్రి పెడలు కొనలేదు. ఆ సొమ్ములో కొంతతో ఇంటియొద్ద ఎర్తు గుంత త్రవ్వించి, క్రొత్త తీగల జత తెప్పించెను. ఈస్టరునాడు అరువు తెచ్చిన 20 వాట్ల చిన్న ఆంప్లిఫైయరును బల్లమీద నుంచి, హారన్లకు కలుపక, డిస్టార్షనును పావువంతు త్రిప్పి బాలుడు వాయించెను. బాలికల పాటలోని ప్రతి మాటయు వెనుక వరుసవఱకు వినబడెను. హార్మోనియము చాలదా యన్న పెద్దలలో ఒకరు, గిటారు ఎప్పుడు మొదలైనదో తెలియలేదని నాతో ననిరి. ఫిర్యాదో మెప్పో నేను విచారింపలేదు. ఆ మూడు పెడళ్లలో రెండు ఇప్పుడు నా బల్ల సొరుగులో నున్నవి. లోపల నేమున్నదో చూడగోరు విద్యార్థులు పాఠశాల విడిచిన పిమ్మట రావచ్చును.